ఫోను మన మాట వినాలంటే

(సంఘం వార్షికోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

కంప్యూటరు మనిషి మాటను ఎలా గుర్తుపడుతుందో చెప్పమని నన్ను అడిగారు. నేను ఇంజనీరును కాదు. టీచర్ ట్రైనింగ్ చేసి, గిరిజన బాలికల హాస్టల్లో వార్డెన్‌గా పనిచేస్తున్నదాన్ని. అందుకే దీన్ని క్లాసులో పాఠం చెప్పినట్టే చెబుతాను. అర్థం కాకపోతే మధ్యలోనే చెయ్యెత్తండి.

ఈ అంశం మనకెందుకు అని మీలో కొందరికి అనిపించవచ్చు. మీ అందరి చేతుల్లో ఫోను ఉంది. అందులో మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడితే అక్షరాలు వాటంతట అవే పడతాయి. అదే ఫోనుకు గోండిలో "ఏర్" అని చెప్పి చూడండి. మనకు ఏర్ అంటే నీళ్లు. ఫోను "ఏరు" అనో "వేరు" అనో రాస్తుంది. "కోర్" అనండి. మనకు కోర్ అంటే కోడి. దానికి "కోరు" అనో "కోర్టు" అనో వినపడుతుంది. హాస్టల్లో పిల్లలు ఇలా ఆడి నవ్వుకుంటూ ఉంటారు. నవ్వుకున్నాక కొందరు ఒక మాట అంటారు: "మన భాష ఫోనులో రాదు మేడం, అది సరైన భాష కాదేమో." నాకు బాధ కలిగేది ఆ మాటకే. ఈరోజు నేను చెప్పేదంతా ఆ మాటకు జవాబు అనుకోండి.

జవాబు ముందే చెప్పేస్తాను. లోపం మన భాషలో లేదు. ఆ యంత్రం మన మాటను ఎప్పుడూ వినలేదు, అంతే. అదెలాగో తెలియాలంటే యంత్రం వినడం అంటే ఏమిటో ముందు తెలియాలి.

అందరూ ఒకసారి గొంతు మీద రెండు వేళ్లు పెట్టుకోండి. "మ్‌మ్‌మ్" అనండి. వేళ్లకు వణుకు తగులుతోందా? ఇప్పుడు "స్‌స్‌స్" అనండి. వణుకు లేదు. గాలి పళ్ల సందుల్లోంచి పోతోంది, అంతే. ఇప్పుడు ఒకే గొంతుతో "ఆ... ఈ... ఊ..." అనండి. గొంతు మారలేదు, నోటి ఆకారం మాత్రమే మారింది. మాట అంటే ఇదే. ఊపిరి, గొంతు, నాలుక, పెదాలు కలిసి గాలిని కదిలిస్తాయి. ఆ కదలిక అలలుగా వెళ్లి ఎదుటివారి చెవిని తాకుతుంది.

ఫోనులోని మైకు కూడా అలాంటి చెవే. గాలి అల తాకినప్పుడు అది కరెంటు హెచ్చుతగ్గులుగా మారుతుంది. ఆ హెచ్చుతగ్గులను ఫోను అంకెలుగా రాసుకుంటుంది. మాటలను గుర్తుపట్టే పనికి మామూలుగా సెకనుకు 16 వేల సార్లు కొలుస్తారు. అంటే మీరు "రామ్ రామ్" అని చెప్పి ముగించేలోపు యంత్రం దగ్గర వేల అంకెలు ఉంటాయి. వాటిలో ఇంకా అక్షరాలు లేవు, అర్థం లేదు.

తర్వాత ఆ అంకెల వరుసను చిన్నచిన్న ముక్కలు చేస్తుంది. ఒక్కో ముక్క సెకనులో నలభయ్యో వంతు ఉంటుంది. ముక్కలు ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా తీసుకుంటుంది కాబట్టి సెకనుకు దాదాపు వంద ముక్కలు వస్తాయి. ప్రతి ముక్కలో లోతు స్వరం ఎంత ఉంది, సన్న స్వరం ఎంత ఉంది అని లెక్క కడుతుంది. దండారి రోజుల్లో మీరు గుట్ట అవతల ఉన్నా, మోగుతున్నది తుడుమా పెప్రెయా అని చెప్పేస్తారు. తుడుం లోతుగా మోగుతుంది, పెప్రె సన్నగా పలుకుతుంది. యంత్రం కూడా ప్రతి ముక్కలో అలాంటి తేడానే చూస్తుంది. "స" అన్నప్పుడు సన్న స్వరాలు ఎక్కువ. "మ" అన్నప్పుడు లోతు స్వరాలు ఎక్కువ. "ఆ", "ఈ", "ఊ"లకు దేని లెక్క దానిదే.

ఇంతవరకు ఏ భాషకైనా ఒకటే పని. గోండి అయినా, కొలామి అయినా, ఇంగ్లీషు అయినా మైకుకు తేడా లేదు. తేడా ఇక ముందు వస్తుంది. ఈ ముక్కలు చూసి ఇది ఏ ధ్వని, ఏ మాట అని ఊహించాలి. ఆ ఊహ నేర్పడానికి మనుషులకు 70 ఏళ్లకు పైగా పట్టింది.

1952లో అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్లు ఆడ్రీ అనే యంత్రాన్ని తయారుచేశారు. దాని సామాను నిలబెడితే ఆరడుగుల ఎత్తు. అంత యంత్రం గుర్తుపట్టింది సున్నా నుంచి తొమ్మిది వరకు అంకెలు మాత్రమే. అది కూడా ఒక మనిషి గొంతుకు సరిచేసి పెడితేనే బాగా పనిచేసేది. పదేళ్లకు, 1962లో, ఐబీఎం వాళ్లు సియాటిల్ ప్రపంచ ప్రదర్శనలో షూబాక్స్ అనే యంత్రాన్ని చూపించారు. దానికి 16 మాటలు వచ్చు. ఈరోజు అంగన్‌వాడీలో చేరిన పిల్లకు అంతకంటే ఎక్కువ మాటలు వస్తాయి.

ఇక్కడ మన తెలుగు నేల మీద పుట్టిన ఒకరి గురించి చెప్పాలి. 1937లో అప్పటి చిత్తూరు జిల్లా కాటూరు గ్రామంలో పుట్టిన రాజ్ రెడ్డి గారు అమెరికా వెళ్లి, కంప్యూటరుకు మాట వినడం నేర్పే పనిని జీవితమంతా చేశారు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం 1976 నాటికి హార్పీ అనే వ్యవస్థను తయారుచేసింది. అది 1,011 మాటలను గుర్తుపట్టింది. 1994లో ఆయనకు కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. బాసర ట్రిపుల్ ఐటీలో చదవాలని మీలో ఎంతోమంది కోరుకుంటారు కదా, ఆ ట్రిపుల్ ఐటీల వెనుక ఉన్న ఆలోచనలో కూడా ఆయన పాత్ర ఉంది. పల్లెటూళ్లో పుట్టినవాళ్లకు ఈ పని అందదు అని ఎవరైనా అంటే ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

మొదట్లో ధ్వనుల నియమాలను మనుషులే రాసి యంత్రానికి ఇచ్చేవారు. ఆ దారి ఎక్కువ దూరం పోలేదు. ఒకే మాటను ఇద్దరు ఒకేలా పలకరు. ఒకే మనిషి పొద్దున, సాయంత్రం ఒకేలా పలకడు. జలుబు చేస్తే ఇంకోలా పలుకుతాడు. అందుకని పద్ధతి మార్చారు. నియమాలు చెప్పడం మానేసి, ఎక్కువ మంది గొంతులు వినిపించి, నేర్చుకోమని యంత్రానికే వదిలేశారు.

ఎలా నేర్చుకుంటుంది? మీ అందరికీ డిక్టేషన్ తెలుసు. టీచరు చదువుతుంది, మీరు రాస్తారు, టీచరు ఎర్ర పెన్నుతో దిద్దుతుంది. తప్పు ఎక్కడ పడిందో చూసుకుని మరుసటి రోజు సరిగా రాస్తారు. యంత్రం శిక్షణ కూడా ఇంతే. ఒక మనిషి మాట్లాడిన రికార్డింగు వినిపిస్తారు. అది ఏదో ఒకటి ఊహిస్తుంది. మనిషి రాసిపెట్టిన సరైన వాక్యంతో పోల్చి తప్పు ఎంతో లెక్క కడతారు. ఆ తప్పు తగ్గేలా లోపలి లెక్కలు కొంచెం మారతాయి. ఇలా లక్షల సార్లు జరుగుతుంది. డిక్టేషన్ రాసే పిల్లకు అర్థం తెలుసు, యంత్రానికి తెలియదు. ఏ ధ్వనుల తర్వాత ఏ అక్షరాలు రావడం ఎక్కువ అన్నదే దానికి తెలుసు.

ఇంకో పని కూడా ఉంది. "పిల్లలకు పాలు పోయండి" అని గోల మధ్య చెప్పారనుకోండి. చెవికి "పాలు" అని వినపడిందో "బాలు" అని వినపడిందో తెలియదు. మనమైతే "పోయండి" అన్నారు కాబట్టి పాలే అనుకుంటాం. యంత్రం కూడా అదే చేస్తుంది. అంతకుముందు చూసిన కోట్ల వాక్యాల్లో "పోయండి" పక్కన ఏ మాట ఎక్కువ వచ్చిందో లెక్కలో ఉంచుకుంటుంది. సరిగా వినపడని చోట, అలవాటైన మాటను ఎంచుకుంటుంది.

ఇప్పుడు మన "ఏర్" దగ్గరికి రండి. ఆ యంత్రం గోండి మాట ఒక్కటీ వినలేదు. తెలుగు మాటలు లక్షలు విన్నది. "ఏర్" వినగానే, తనకు తెలిసిన వాటిలో దగ్గరగా ఉన్నదాన్ని వెతికి "ఏరు" అని రాస్తుంది. తెలియదు అని ఒప్పుకోదు, తెలిసినదాంట్లోకి లాగేస్తుంది. ఫోను నిజంగా మన భాషను విని తప్పు పట్టి ఉంటే అది వేరే సంగతి. అది మన భాషను విననే లేదు.

ఎంత వింటే నేర్చుకుంటుందో ఒక లెక్క చెబుతాను. 2022లో ఓపెన్‌ఏఐ సంస్థ విస్పర్ అనే వ్యవస్థను విడుదల చేసింది. దానికి 6 లక్షల 80 వేల గంటల మాటలు వినిపించారు. ఒక మనిషి పుట్టిన రోజు నుంచి నిద్ర లేకుండా విన్నా 77 ఏళ్లు పడుతుంది. అందులో మూడింట రెండు వంతుల దాకా ఇంగ్లీషే. మిగిలిన దాన్ని ప్రపంచంలోని దాదాపు వంద భాషలు పంచుకున్నాయి. ఆ వందలో తెలుగు ఉంది, గోండి లేదు.

మన దేశంలో కూడా పని జరుగుతోంది. కేంద్ర ప్రభుత్వం 2022లో భాషిణి అనే కార్యక్రమం మొదలుపెట్టింది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషలకు మాట గుర్తించడం, అనువాదం చేయడం దాని ప్రధానమైన పని. ఆ 22లో సంతాలి, బోడో ఉన్నాయి. అవి 2003 సవరణతో చేరాయి. బోడో మాట్లాడేవాళ్లు 2011 లెక్కల్లో దాదాపు 15 లక్షలు. అదే లెక్కల్లో గోండి మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షలు. అయినా గోండి ఆ షెడ్యూలులో లేదు. కోయ, కొలామి, కువి, సవర కూడా లేవు. బోడో వాళ్లు పోరాడి సాధించుకున్నారు, వాళ్లకు దక్కడం సంతోషమే. మనం ఎక్కడున్నామో మీకు తెలియాలని చెబుతున్నాను.

దీనివల్ల నష్టం ఏమిటి? బటన్ నొక్కి, చదివి చేసే పనులు మెల్లమెల్లగా మాట్లాడి చేసే పనులుగా మారుతున్నాయి. చదువు రాని మనిషికి ఇది చాలా మంచి సంగతి. మా హాస్టల్ పిల్లల అమ్మమ్మల్లో చాలామందికి ఏ లిపీ రాదు, కానీ మాట గట్టిది. ఫోనులో మాట్లాడి పింఛను సంగతి, మందుల సంగతి, వాన సంగతి తెలుసుకోగలిగితే అందరికంటే ఎక్కువ మేలు వాళ్లకే. కానీ ఆ ఫోనుకు గోండి, కొలామి రాకపోతే వాళ్లు మళ్లీ వాకిలి బయటే నిలబడతారు. ఇంకో నష్టం పిల్లలది. ఫోనులో పనిచేసే భాషే గొప్పదని వాళ్ల మనసులో పడిపోతే, ఇంట్లో కూడా ఆ భాషలోనే మాట్లాడతారు. ఒక్క తరం చాలు, మాట తెగిపోవడానికి.

అయితే చేతులు కట్టుకుని కూర్చోవాలా? న్యూజిలాండ్‌లో మావోరీలు అనే మూలవాసులు ఉన్నారు. ఆ దేశం ఉత్తరపు కొసన, కైతాయియా అనే చిన్న ఊళ్లో తే హికు మీడియా అని వాళ్ల సొంత రేడియో సంస్థ ఉంది. 2018లో వాళ్లు తమ జనానికి పిలుపు ఇచ్చారు: మన భాషలో వాక్యాలు చదివి రికార్డు చేయండి, మన మాట గుర్తుపట్టే యంత్రాన్ని మనమే తయారుచేసుకుందాం అని. పది రోజుల్లో దాదాపు 2,500 మంది కలిసి 300 గంటలకు పైగా రికార్డింగులు ఇచ్చారు. దాంతో మావోరీ మాటను అక్షరాల్లోకి మార్చే వ్యవస్థను వాళ్లే తయారుచేసుకున్నారు. ఆ రికార్డింగులు కొనుక్కుంటామని బయటి కంపెనీ వచ్చినా ఇవ్వలేదు. ఇవి మా పెద్దల గొంతులు, మేం వీటికి కాపలాదారులం మాత్రమే, మా జనానికి మేలు జరిగే పనికే ఇస్తాం అని షరతులు రాసుకున్నారు.

మన పక్కన కూడా ఉదాహరణ ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో 2010 నుంచి సీజీనెట్ స్వర అనే వేదిక నడుస్తోంది. మామూలు ఫోను నుంచి కాల్ చేసి, గోండిలోనో హిందీలోనో తమ ఊరి సమస్యను గొంతుతోనే నమోదు చేసుకునే వీలు అది. తర్వాత గోండిలో కంప్యూటరు పనికి కావలసిన వాక్యాలు పోగుచేయడానికి ఆ సంస్థ, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్, నయా రాయపూర్ ట్రిపుల్ ఐటీ కలిసి పనిచేశాయి. అంటే దారి పడింది. అందులో మన ఆదిలాబాదు గోండి, మన కొలామి ఎంత ఉంటాయన్నది మన చేతుల్లో ఉంది. బస్తర్ గోండి వేరు, మన గోండి వేరు. ఒకదాన్ని విన్న యంత్రానికి రెండోది దానంతట అదే రాదు.

ఇప్పుడు మీరు చేయగల పని చెబుతాను. ముందే వేరే భాషలు విని ఉన్న యంత్రానికి కొత్త భాష నేర్పడానికి లక్షల గంటలు అక్కర్లేదు. పదుల గంటలతో కూడా మొదలుపెట్టవచ్చు. ఈ సభలో ఉన్న 200 మంది యువత ఒక్కొక్కరు అరగంట రికార్డింగు తెస్తే వంద గంటలు అవుతుంది. కానీ పద్ధతిగా చేయాలి.

మొదటిది, పాటలూ కథలే కాదు, రోజూ మాట్లాడే మాట కావాలి. పొలం పని, వంట, సంత, జ్వరం, బస్సు, బడి. యంత్రంతో జనం మాట్లాడబోయేది వాటి గురించే.

రెండోది, రకరకాల గొంతులు కావాలి. మగపిల్లల గొంతులే ఉంటే ఆడవాళ్ల మాట దానికి సరిగా అందదు. పెద్దవాళ్ల గొంతులతో నేర్చిన యంత్రం చిన్నపిల్లల దగ్గర ఎక్కువ తప్పులు చేస్తుంది. అమ్మమ్మలు, తాతలు, ఆడపిల్లలు అందరూ ఉండాలి. ఏ ఊరు, ఎంత వయసు అన్నది ప్రతి రికార్డింగు పక్కన రాయాలి.

మూడోది, విన్నదాన్ని ఉన్నది ఉన్నట్టు రాయాలి, ఒకే తీరుగా రాయాలి. ఒకరు "ఏర్", ఒకరు "యేర్", ఒకరు "ఎర్" అని రాస్తే యంత్రానికి అవి మూడు మాటలు. ఏ లిపి అని మీరు అడుగుతారు. 1940లలో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దొర గోండు టీచర్లకు శిక్షణ మొదలుపెట్టినప్పుడు గోండి వాచకాలు దేవనాగరిలో వచ్చాయి. మన నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన సొంత లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అంటే అది ఇప్పుడు కంప్యూటరు లిపి కూడా. మీలో చాలామందికి అలవాటైనది తెలుగు లిపి. ఏ లిపి అయినా యంత్రం నేర్చుకుంటుంది. పెద్దలు, టీచర్లు కూర్చుని ఒక పద్ధతి ఒప్పుకోవాలి, అంతే. సవర సోదరుల భాషలో గొంతును ఒక్క క్షణం బిగబట్టి పలికే ధ్వని ఉంది. తెలుగు అక్షరాల్లో దానికి గుర్తు లేదు. అలాంటి చోట ఏం రాయాలో ముందే తేల్చుకోవాలి.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. అడగకుండా ఎవరి గొంతూ తీయవద్దు. ఈ రికార్డింగు దేనికి, ఎవరి దగ్గర ఉంటుంది, వద్దంటే తీసేస్తారా అన్నది వాళ్ల భాషలోనే చెప్పి ఒప్పుకున్నాకే మైకు తెరవండి. గొంతు నకలు చేసి మోసం చేసే రోజులివి. కొద్దిసేపటి రికార్డింగుతో మనిషి గొంతును పోలిన గొంతును యంత్రం తయారుచేయగలదు. అందుకే పేరు, ఫోను నంబరు, బ్యాంకు సంగతులు రికార్డింగులో రానివ్వవద్దు. చిన్నపిల్లలైతే తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి. పేన్ పూజలో పలికేవి, దేవారి నోట మాత్రమే రావలసినవి, పర్ధాన్ పెద్దలు కీక్రి మీద సమయం చూసి పాడేవి కొన్ని ఉంటాయి. అవి ఇవ్వాలా వద్దా అన్నది మనం కాదు, వాళ్లు చెప్పాలి. వద్దంటే వద్దు. యంత్రానికి అన్నీ తెలియాల్సిన పని లేదు.

ఐదోది, రికార్డింగుల అసలు ప్రతి సంఘం దగ్గర ఉండాలి. యాప్ కనపడగానే అందులోకి ఎక్కించేయవద్దు. షరతులు చదవండి. చదవడం రాకపోతే నా దగ్గరికి తెండి, కలిసి చదువుదాం. యూనివర్సిటీ వాళ్లు వచ్చినా, కంపెనీ వాళ్లు వచ్చినా, ప్రభుత్వం వాళ్లు వచ్చినా గౌరవంగా కూర్చోబెట్టి, మా జనానికి తిరిగి ఏం ఇస్తారు అని అడగండి. అది అడిగే హక్కు మీకుంది.

ఐక్యరాజ్యసమితి 2022 నుంచి 2032 వరకు ఆదివాసీ భాషల దశాబ్దంగా ప్రకటించింది. సభలు జరుగుతాయి, బ్యానర్లు కడతారు. ఈ పదేళ్లు ముగిసేసరికి మన ఇంట్లో ముసలమ్మ ఫోను చేతిలో పట్టుకుని తన మాటలో అడిగితే, తన మాటలో జవాబు రావాలి. అది ఎక్కడో పెద్ద ఊళ్లో కూర్చున్నవాళ్లు చేసిపెట్టే పని కాదు. ఆ ముసలమ్మ ఏమందో సరిగా రాయగలిగింది మీరే. ఆమె మాట ఇంకా వచ్చినవాళ్లు, కీబోర్డు కూడా వచ్చినవాళ్లు మీ తరం వాళ్లే.

సభ అయ్యాక సంఘం బల్ల దగ్గర ఒక పుస్తకం పెట్టాం. ఏ ఊరు, ఏ భాష, ఎంతమంది పెద్దల దగ్గరికి వెళ్లగలరో రాసి వెళ్లండి. సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు పని మొదలుపెడదాం.